మట్టిలోంచి మందు తీయించిన మన సుబ్బారావు గారు

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ పాసవలేదు. బ్యాక్‌లాగ్‌లున్న మిత్రులు ఈ వాక్యం ఇంకోసారి చదువుకోవచ్చు!

మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీ గారి పిలుపు విని ఖద్దరు కోటు వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ మాత్రమే దక్కింది. సొంత అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో పోవడం ఆయన్ని మందుల పరిశోధన వైపు నడిపించింది. మామగారి సాయంతో అమెరికా వెళ్లారు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు, ఆయన మళ్లీ తిరిగి రాలేదు. ఈ భాగం చదివినప్పుడల్లా నాకు ఆమే గుర్తొస్తారు.

బోస్టన్‌లో హాస్పిటల్లో పోర్టరుగా పనిచేస్తూ చదువుకున్నారు. ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి, 1929లో ఏటీపీ. అయినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లే కంపెనీకి మారారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది, ఫైలేరియాకి డీఈసీ మందు కనిపెట్టింది. రిటైరైన వృక్షశాస్త్రవేత్త డగ్గర్‌ని పెట్టుకుని ఊళ్ల మట్టి తెప్పించి వెతికించారు. మిస్సోరీ మట్టిలో ఒక బంగారు రంగు బ్యాక్టీరియా దొరికింది. అది తయారుచేసే పదార్థమే ఆరియోమైసిన్, మొట్టమొదటి టెట్రాసైక్లిన్. రోగ క్రిమి రైబోజోముకి అతుక్కుని ప్రొటీన్లు తయారుకాకుండా ఆపేస్తుంది. పెన్సిలిన్‌కి లొంగని కొన్ని న్యుమోనియాలకీ పనిచేసింది. 1948లో లోకానికి తెలిసింది. అదే ఏడు ఆగస్టులో, 53 ఏళ్లకే, ఆయన వెళ్లిపోయారు.

బ్యాక్టీరియాతోనే బ్యాక్టీరియాని కొట్టడం అనే దారి ఇంకా సాగుతోంది. బ్యాక్టీరియా తన ఒంటి నుంచి వదిలే అతి చిన్న బుడగల్ని వెసికిల్స్ అంటారు. వాటిలో ప్రాణం ఉండదు, కానీ పైన క్రిమి గుర్తులన్నీ ఉంటాయి. మన రోగనిరోధక శక్తి వాటిని చూసి ముందే సిద్ధమవుతుంది. మెనింజైటిస్ బి టీకాలో ఇవి ఇప్పటికే ఉన్నాయి. తీవ్రమైన న్యుమోనియా నుంచి ఊపిరితిత్తుల్ని కాపాడటానికి కూడా వీటిపై పరిశోధనలు జరుగుతున్నాయి.

ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే, మాది భద్రాచలం దాటాక అడవి అంచు ఊరు. పెద్దాసుపత్రికి చేరాలంటే సగం పూట పడుతుంది. అలాంటి చోట ఒక మంచి యాంటీబయాటిక్ ప్రాణంతో సమానం. కానీ మావాళ్లు జ్వరం తగ్గగానే మాత్రలు ఆపేస్తారు, మిగిలినవి పక్కింటికి ఇస్తారు. అలా వాడితే క్రిములు మందుకి అలవాటు పడిపోతాయి. సుబ్బారావు గారు జీవితం పెట్టి సాధించినదాన్ని మనం అలవోకగా పోగొట్టుకుంటున్నాం. ఈసారి సెలవులకి ఊరెళ్తే, డాక్టరు రాసిన మాత్రలు పూర్తిగా వేసుకోమని ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. ఆయనకి మనం పెట్టగల దండ అదే.