పొగబండిని కాదన్న దొర

ఈసారి దసరా సెలవుల్లో మేము హాస్టలు మిత్రులం ఏడుగురం ధవళేశ్వరం పోయి వచ్చినాము. పోయింది కాటన్ దొర కోసం కాదు. ఉన్నమాట చెప్పాలంటే యంత్రాల కోసం. గోదావరి ఆనకట్ట నాటి పాత యంత్రాలు అక్కడి కాటన్ మ్యూజియంలో పెట్టినారని మా బృందంలో ఇంజనీరింగు చదివే మిత్రుడొకడు పట్టుబట్టి అందర్నీ బయల్దేరదీసినాడు. నాకేమో చిన్నప్పటి నుంచి పొగబండి పిచ్చి. నేను పుట్టేనాటికే మా కడప జిల్లాలో బొగ్గుతో నడిచే బండ్లు కనుమరుగయినాయి. ఎర్రగుంట్ల స్టేషనులో ఇంజను ఆగి నీళ్ళు పట్టుకోవడం, ఆ వేడికి పక్కనున్న జనం జరిగి నిలబడటం, బొగ్గునలుసు కంట్లో పడితే జేజి పైటకొంగు మడిచి ఊదటం, ఇవన్నీ మా జేజినాయన చెబితే విన్నవే.

మ్యూజియం ఆవరణలోకి అడుగుపెట్టగానే ఇనుము కనిపించింది. తుప్పు మీద రంగు, రంగు మీద మళ్ళీ తుప్పు. పళ్ళచక్రాలు, గొట్టాలు, పొట్ట ఉబ్బిన బాయిలరు. మా మిత్రుడు ఒక్కొక్కదాని దగ్గరా నిలబడి పాఠం చెప్పినాడు. నీళ్ళు ఆవిరైతే వందల రెట్లు చోటు కావాలంటుంది. చోటివ్వకుండా మూసిపెట్టి ఒక్క దారి మాత్రం చూపిస్తే ఆ దారిలో ఉన్న పిస్టనును తోసేస్తుంది. పిస్టను కడ్డీని తోస్తే కడ్డీ పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. పిస్టను కొసకు పోయి వెనక్కి మళ్ళే క్షణంలో తోపు ఉండదు. ఆ లోటును చక్రం తన బరువుతో తానే తిరిగి పూడుస్తుంది. అందుకే దానికి అంత బరువు. ఇదంతా విని నేను ఆ చక్రం మీద చెయ్యి వేసినాను. ఎండకు కాలుతూ ఉండింది.

అక్కడ పనిచేసే పెద్దాయన ఒకరు మమ్మల్ని ఏ ఊరని అడిగినారు. కడప జిల్లా, చాపాడు దగ్గర అన్నాను. అయితే మీదీ దొరగారి కాలవే కదండీ అన్నారు. నాకు చప్పున అర్థం కాలేదు. గోదావరి జిల్లాల్లో కాటన్ బొమ్మకు దండలు వేస్తారు, పుట్టినరోజు చేస్తారు, పుష్కరాల్లో ఆయన పేరు చెప్పి తర్పణాలు వదిలినవాళ్ళున్నారు. మా సీమలో దొర అంటే మన్రో. 1827లో పత్తికొండలో కలరా తగిలి పోయినాడు కాబట్టి ఆయన మావాడయినాడు. కాటన్ పేరు మా ఊళ్ళో నేనెన్నడూ వినలేదు. మా కేసీ కెనాలును జేజినాయన తిట్టగా విన్నాను, అంతే. కాలవ కడగొట్టున ఉన్న మడికి నీళ్ళెప్పుడు సరిగ్గా వచ్చినాయి గనక!

తిరుగు ప్రయాణంలో, ఆ తర్వాత లైబ్రరీలో, ఈ మనిషి సంగతి తెలుసుకోవాలని కూర్చున్నాను. తెలిసినకొద్దీ ఆశ్చర్యమైంది.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టినారు. ఇంటినిండా మగపిల్లలే, ఈయన పదోవాడు. పదిహేనేళ్ళకే ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్‌కోంబ్ పాఠశాలలో చేరి, 1821లో మదరాసులో ఓడ దిగినారు. బర్మా యుద్ధానికి పోయి వచ్చినారు. తర్వాత కావేరి దగ్గర పని. అక్కడ చోళులనాటి కల్లణై ఉంది. ఇసుక మీద, గట్టి పునాది దొరకని చోట, అన్ని శతాబ్దాలు ఆ కట్ట ఎట్లా నిలిచిందో చూసి ఈయన పాఠం నేర్చుకున్నారు. నేర్చుకున్నానని దాచకుండా ఒప్పుకున్నారు కూడా. 1836లో కొలెరూన్ మీద ఆనకట్టలు కట్టడానికి ఆ పాఠమే పనికొచ్చింది.

ఇక్కడే నాకిష్టమైన సంగతి ఒకటుంది. మన దేశంలో మొదటి రైలు 1853లో బొంబాయి నుంచి ఠాణాకు నడిచిందని బడిలో చదువుకున్నాం. అది మనుషులను ఎక్కించుకున్న మొదటి రైలు. దానికి 16 ఏళ్ళ ముందే, 1837లో, మదరాసు పక్కన రెడ్‌హిల్స్ నుంచి చింతాద్రిపేట దాకా రోడ్లకు కావలసిన రాళ్ళు మోయడానికి పట్టాలు వేసినారు. ఒక ఆవిరి ఇంజనును కూడా వాటి మీద నడిపి చూసినారు. పశువులూ లాగినాయనుకోండి. ఆ పట్టాలు వేయించింది ఎవరో కాదు, కాటనే. గోదావరి ఆనకట్ట పనిలోనూ ధవళేశ్వరం కొండరాయిని ఏటికి చేర్చడానికి పట్టాలే వేయించినారు. రైలు అంటే ఏమిటో ఈ దేశంలో అందరికన్నా ముందు చేత్తో పట్టి చూసినవాడాయన. అటువంటి మనిషి తర్వాత బతుకంతా రైళ్ళకు ఎదురుతిరిగినాడు!

గోదావరి కథ అందరికీ తెలిసిందే కనక క్లుప్తంగా చెబుతాను. 1832-33 కరువులో ఆ జిల్లాలూ గుంటూరు సీమా శ్మశానాలైనాయి. పక్కనే నది నిండా నీళ్ళు సముద్రంలోకి పోతున్నాయి. కాటన్ 1847లో పని మొదలుపెట్టి 1852కు ముగించినారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయలకు నాలుగు కట్టలు. జబ్బుపడి కొంతకాలం పని వదిలి పోవలసివచ్చినా మళ్ళీ వచ్చి పూర్తిచేసినారు. తర్వాత బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855కు లేచింది. 1861లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది.

ఆ గెలుపుతో ఆయనకు ఒక లెక్క మనసులో నాటుకుపోయింది. ఒక జత ఎద్దులు రోడ్డు మీద ఒక బండి లాగుతాయి. అవే ఎద్దులు కాలవగట్టున నడుస్తూ తాడుతో పడవను లాగితే ఎన్నో బండ్ల సరుకు కదులుతుంది. రైలుకు ఇనుము, బొగ్గు, ఇంజన్లు సీమ నుంచి రావాలి. కాలవకు కావలసింది ఇక్కడి మట్టి, ఇక్కడి రాయి, ఇక్కడి చేతులు. పైగా పట్టాల మీద వరి పండదు. కాలవ పంటకు పంట ఇస్తుంది, దారికి దారి అవుతుంది. మరి కోట్ల పౌన్లు రైళ్ళ మీద కుమ్మరించడం దేనికి? 1854లో పుస్తకం రాసినా, తర్వాత ముసలితనంలో కరపత్రాలు వేసినా ఆయన వాదన ఇదే.

రైలు కంపెనీల వెనక పెద్ద ధైర్యం ఒకటుండేది. లాభం వచ్చినా రాకున్నా నూటికి 5 చొప్పున వడ్డీ ఇస్తామని సర్కారు పూచీ. ఆ వడ్డీ ఎవరి పన్నుల్లోంచి పోతుందో వేరే చెప్పాలా? తమాషా ఏమిటంటే, కాటన్ మాట నమ్మి 1858లో పుట్టిన మదరాసు ఇరిగేషన్ కంపెనీ కూడా 10 లక్షల పౌన్ల మూలధనం మీద అదే పూచీ పుచ్చుకుంది. ఆ కంపెనీ పని చేసింది మా సీమలో.

కాటన్ ఊహ చాలా పెద్దది. తుంగభద్ర మీద పైన ఒక జలాశయం కట్టి నీళ్ళు నిల్వచెయ్యాలి. ఆ నీళ్ళు బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాల మీదుగా పెన్నలో కలిసి, తూర్పుతీరం దాకా పడవలు పోవాలి. కట్టింది మాత్రం అందులో ఒక ముక్క. కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట, అక్కడి నుంచి కడప దాపున కృష్ణరాజపురం వరకు 300 కిలోమీటర్లకు పైబడిన కాలవ. 1863 నుంచి 1870 దాకా పట్టింది. కర్నూలు ఊరి దగ్గర కాలవ హంద్రీ ఏటి మీదుగా దాటుతుంది. కింద ఏరు, పైన కాలవ. మిట్టకందాల దగ్గర గట్టును లోతుగా కోసి కృష్ణ పరీవాహకంలోని నీటిని పెన్న వైపుకు మళ్ళించినారు. నదులను కలపాలని ఈనాడు పెద్దపెద్ద సభలు జరుగుతున్నాయి. మా కేసీ కెనాలు ఆ పని చేసి 150 ఏళ్ళు దాటింది. దిగువన కుందూ నదినే కొంతదూరం కాలవగా వాడుకుని రాజోలి, ఆదినిమ్మాయపల్లె ఆనకట్టల దగ్గర మళ్ళీ పక్కకు తీసినారు.

అయితే కంపెనీ డబ్బు చాలలేదు. సర్కారు దగ్గర అప్పు చేసినారు. పని ముగిసినాక అంతకన్నా పెద్ద కష్టం వచ్చింది. కాలవలో నీళ్ళున్నాయి, కొనేవాడు లేడు. డెల్టాలో రైతు నీళ్ళ కోసం కాచుకుని ఉండినాడు. కర్నూలు, నంద్యాల నల్లరేగడి రైతు అట్లా కాదు. రేగడి ఒకసారి తడిస్తే నెలల తరబడి చెమ్మ పట్టి ఉంచుకుంటుంది. ఆ చెమ్మకే జొన్న, పత్తి పండుతాయి. దానికి కాలవనీళ్ళు పెడితే బురదవుతుంది, ఆరితే నోళ్ళు తెరుస్తుంది. మడి కట్టాలంటే చదును చెయ్యాలి, ఎరువు కావాలి, నీటితీరువా కట్టాలి. వాన బాగున్న ఏడు ఈ తద్దినమంతా ఎందుకని రైతు మొహం తిప్పుకున్నాడు. వాన లేని ఏడు నీళ్ళు కావాలంటే, పైన జలాశయం లేదు కాబట్టి నదిలో ఉన్నంతే. నా మటుకు నాకు తోచేదేమంటే, కాటన్ నదిని చదివినంత బాగా మా నేలను చదవలేదు. గోదావరి కొలతబద్ద తెచ్చి రేగడికి పెట్టినారు. ఆయన మీద ఎంత గౌరవమున్నా ఇది చెప్పక తప్పదు.

ఇంకొకవైపు, అదే సంవత్సరాల్లో మదరాసు రైలు కడప చేరి, ఎర్రగుంట్ల మీదుగా పడమటికి సాగి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు లైనుతో కలిసింది. పడవకూ పొగబండికీ పందెం మా జిల్లాలోనే జరిగిందన్నమాట. సముద్రం దాకా చేరని పడవదారి మీద సరుకు ఎవరు వేస్తారు? రైలు గెలిచింది.

అప్పుడు 1876లో ధాత కరువు వచ్చింది. రెండేళ్ళ పాటు సీమ ఎండింది. రైళ్ళు ధాన్యం తెచ్చినాయి, నిజమే. కానీ స్టేషనులో బస్తాలున్నా కొనే డబ్బు లేనివాడికి ఏమి లాభం? అప్పుడు మాత్రం నీళ్ళొద్దన్న రైతులే కాలవగట్టుకు వచ్చినారు. ఆ రెండేళ్ళు కాలవ కింద పచ్చగా ఉన్న చేలు ఎందరినో బతికించినాయి. కంపెనీ లెక్కల పుస్తకంలో మాత్రం అది నష్టపు కాలవే.

1878లో లండను పార్లమెంటులో ఈ పనుల మీద విచారణ సంఘం కూర్చుంది. జార్జ్ హామిల్టన్ ప్రభువు అధ్యక్షుడు. 75 ఏళ్ళ కాటన్‌ను నిలబెట్టి తుంగభద్ర పథకం ఎందుకు తప్పిందో చెప్పమన్నారు. గోదావరి గెలుపు చెబితే తుంగభద్ర ఓటమి చూపినారు. సగం కట్టి పూర్తిదాన్ని ఎట్లా తప్పుపడతారని ఆయన వాదం. ఫ్లారెన్స్ నైటింగేల్ ఆయన పక్షాన నిలిచి కాలవల కోసం రాసింది. అయినా రైలు వైపే త్రాసు మొగ్గింది. 1882లో ప్రభుత్వం కంపెనీ దగ్గర కాలవ కొనేసింది. మిగిలిన పడవలు కూడా 1933తో ఆగిపోయినాయి. ఆయన కలగన్న తుంగభద్ర జలాశయం హోస్పేట దగ్గర కట్టి 1953లో నీళ్ళు వదిలేనాటికి ఆయన పోయి 54 ఏళ్ళు.

అవమానంతో ఆయన మూల కూర్చోలేదు. డార్కింగ్ అనే ఊళ్ళో ఇంటిపక్క కొంచెం నేలలో, ఎనభై దాటిన వయసులో, మట్టిని లోతుగా తవ్వించి గోధుమ పండించే ప్రయోగాలు చేసినారు. తక్కువ నేలలో ఎక్కువ గింజ ఎట్లా అన్నదే ఆ ముసలాయన ధ్యాస. 1899 జూలైలో, 96 ఏళ్ళ వయసులో, ఆ ఊళ్ళోనే కన్నుమూసినారు. కూతురు ఎలిజబెత్ హోప్ ఆయన జీవితచరిత్ర రాసింది.

సెలవులు ఇంకా రెండు రోజులుండగా ఊరికి పోయినాను. సాయంత్రం అరుగు మీద కూర్చుని జేజినాయనకు ఇదంతా చెప్పినాను. బాయిలరు సంగతీ, రెడ్‌హిల్స్ పట్టాల సంగతీ చెబుతుంటే శ్రద్ధగా విన్నాడు. మన కాలవ గీసినవాడూ, మొదటి పొగబండి పట్టాలు వేసినవాడూ ఒకడేనంటే నవ్వినాడు. తర్వాత ఒకటే ప్రశ్న వేసినాడు. అంత పెద్ద చక్రాలున్నాయే, వాటిలో కడగొట్టు తూము దాకా నీళ్ళు తెచ్చేది ఏదన్నా కనపడిందా అని. లేదన్నాను.

రాత్రి అన్నాలు తినేవేళ లస్కరు దగ్గర నుంచి కబురొచ్చింది, పైతూము దించినారు, తెల్లవారే లోపల మనకు పారుతుందని. జేజినాయన కంచంలో చెయ్యి కడిగేసి పార భుజాన వేసుకున్నాడు. నేను టార్చిలైటు తీసుకుని వెనక నడిచినాను.