మోక్షగుండం విశ్వేశ్వరయ్య

పూర్వపు మైసూరు సంస్థానమున చిక్కబళ్లాపురమునకు చేరువను ముద్దేనహళ్లి అను చిన్నపల్లె గలదు. సెప్టెంబరు 15వ తేదీన ఆ పల్లెలో విశ్వేశ్వరయ్యగారు జన్మించిరి. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండమునుండి కన్నడదేశమునకు వలసపోయిన తెలుగువారు. ఆ యూరి పేరే వారికి ఇంటిపేరయ్యెను. బాల్యముననే తండ్రి గతించుటచే ఆయన బెంగుళూరులో మేనమామ యండను జేరి, పిల్లలకు పాఠములు చెప్పి, ఆ సంపాదనతోనే చదువు సాగించి, 1881లో బి.ఏ. పట్టము పొందిరి. పిదప సంస్థానమువారి విద్యార్థివేతనముతో పూనా సైన్సు కళాశాలలో జేరి, 1883లో ఇంజనీరింగు పరీక్షయందు ప్రథములుగా నిలిచిరి.

ఆ కాలమున ఇంజనీరింగు కళాశాలలు ముఖ్యముగా ఒక్క యజమానికొరకే యువకులను తయారుచేయుచుండెను. ఆ యజమాని ప్రభుత్వ నిర్మాణశాఖ. 1847లో రూర్కీ కళాశాల వెలయుటకును గంగాకాలువ పనికి శిక్షితులు చాలకపోవుటయే కారణము. 1884లో విశ్వేశ్వరయ్యగారును బొంబాయి ప్రభుత్వమున సహాయ ఇంజనీరుగా జేరిరి. కాని పరీక్ష తేరుట వేరు, పని తేరుట వేరు. ఖాందేశ్ ప్రాంతమున ఒక వాగునకు అడ్డముగా నీటిగొట్టము నిర్మించు భారము ఆయనపై బడెను. పుస్తకమందలి వాగు గీచిన గీతవలె కదలక నిలిచియుండును. ఈ వాగో, వానకు పొంగి, త్రవ్వినచోటనెల్ల ఇసుక మేటవేసెను. వర్షములు తగ్గువరకు పని నిలుపుదునని యువకుడు పైయధికారికి వ్రాసెను. అది అధికారికి నచ్చలేదు. చేసినది తప్పని గ్రహించి ఆయన మరల వాగులోనికి దిగి, ఆ వానలలోనే పని ముగించిరి. కళాశాలలో చెప్పని పాఠము అది.

తరువాతి కీర్తి మనకు తెలిసినదే. 1903లో ఖడక్‌వాస్లా జలాశయమున తమంతట తామే తెరచుకొను తలుపులను అమర్చిరి. 1908లో మూసీవరద హైదరాబాదును ముంచగా, మరుసటి యేట అచటికి వచ్చి, నగరమునకు ఎగువను జలాశయములు నిర్మింపవలెనని సూచించిరి. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు ఆ సూచన ఫలితములే.

అయితే ఆయన మనస్సును వేధించిన ప్రశ్న వేరొకటి. 1898లో జపాను దేశమును దర్శించినప్పుడు, అచట పాఠశాలయు కర్మాగారమును చేయిచేయి కలిపి నడచుట చూచిరి. మన దేశమున పట్టభద్రులు దస్త్రము వ్రాయనేర్తురు గాని యంత్రమును విప్పి కూర్పజాలరు. కమ్మరికి నేర్పున్నను లెక్కలు రావు. ఈ యిరువురి నడుమనున్న అగడ్తను పూడ్చుట ఎట్లు?

1912లో మైసూరు దివానులైన పిదప ఆయన ఆ పనికి పూనుకొనిరి. సంస్థానమున వృత్తివిద్యాలయములు పెరిగెను. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము వెలసెను. 1917లో బెంగుళూరున ఇంజనీరింగు కళాశాల తెరువబడెను. అంతవరకు ఆ విద్యకై సంస్థానపు యువకులు పూనాకో మదరాసుకో పోవలసియుండెను. క్రొత్త కళాశాలలో కట్టడపు విద్యతోపాటు యంత్రవిద్యకును స్థానము లభించెను. ఇది చిన్న మార్పు కాదు. కాలువలు త్రవ్వు శాఖ యొక్కటియే కాక, కర్మాగారములును ఇకమీదట మనుష్యులను కోరునని ఆయన ముందే కనిపెట్టిరి.

ఆ యూహకు అసలు పరీక్ష భద్రావతి ఇనుపకర్మాగారమున ఎదురయ్యెను. 1923లో పని మొదలగునప్పటికి ఇనుము ధర పడిపోయెను. నష్టములు వచ్చెను. కొలిమి నడుపు నేర్పు విదేశీయులకే యుండెను. దివానుపదవిని 1918లోనే వీడిన విశ్వేశ్వరయ్యగారు అధ్యక్షులుగా ఆ భారము వహించి, స్వదేశీయులను కొలిమియొద్దనే తరిఫీదు చేయించి, క్రమముగా విదేశీయుల స్థానముల నిలిపిరి. తప్పు జరిగినచో కొలిమి చల్లారును, సంస్థానపు ధనము బూడిదయగును. అయినను నేర్చువానికి పని అప్పగింపక నేర్పుట ఎట్లు?

ఆ కొలువునకై తమకు రావలసిన ప్రతిఫలము లక్షరూపాయలకు మించి నిలువయుండగా, ఆయన దానిని ఇంటికి గొనిపోలేదు. చేతిపనియు యంత్రవిద్యయు నేర్పు శిక్షణాలయమునకు ఆ సొమ్ము వినియోగింపుడని కోరిరి. 1943లో అది బెంగుళూరున వెలసెను. దానికి విశ్వేశ్వరయ్యగారి పేరే పెట్టవలెనని తలపగా, ఆయన అంగీకరింపక మహారాజు పేరు సూచించిరి. 1955లో భారతరత్న బిరుదమునంది, నూరేండ్లు నిండిన పిదప 1962లో ఆయన పరమపదించిరి. ఆ శిక్షణాలయము జయచామరాజేంద్రుని పేరనే, పాలిటెక్నిక్కుగా, నేటికిని నడచుచున్నది.