ఆచార్య బీర్బల్ సాహ్ని

డోన్ జంక్షనులో రైలెక్కి నంద్యాల వైపు పోవువారికి బేతంచెర్ల, పాణ్యము ప్రాంతములలో దొంతరలుగా పేర్చినట్లున్న రాతిపొరలు కన్పట్టును. ఆ నాపరాళ్ళనే మనము ఇండ్లలో పరచుకొనుచున్నాము. అవి ఒకనాడు సముద్రగర్భమున పేరుకొనిన బురద యని తలంచువారు అరుదు. ఆ సముద్రము ఏనాటిదో చెప్పగల సాక్షులు ఆ పొరలలోనే కలరు. కాని వారు కంటికి కానరానంత సూక్ష్ములు. అట్టి సాక్షులను పలికించు విద్యకు మన దేశమున నిలుకడయైన నెలవు కల్పించిన సాహ్ని గారి చరిత్రమును పాఠకులకు విన్నవింప నెంచితిమి.

వీరు 1891 నవంబరు 14వ తేదీన పంజాబులోని భేరా పట్టణమున జన్మించిరి. తండ్రి రుచిరామ్ గారు లాహోరులో రసాయనశాస్త్రాచార్యులు. సాహ్ని గారు లాహోరున చదివి, కేంబ్రిడ్జిలో సీవార్డు పండితుని యొద్ద శిలాజవృక్షశాస్త్రము నభ్యసించి, 1919లో లండను డాక్టరు పట్టమునంది స్వదేశమునకు మరలిరి. కాశీలోను లాహోరులోను బోధించి, 1921లో లక్నో విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రాచార్యులైరి. 1936లో రాయల్ సొసైటీ వారిని సభ్యునిగా నెన్నుకొనెను.

కొన్ని జీవజాతులు కొద్దికాలమే బ్రదికి, దూరదూరములకు వ్యాపించి నశించును. అట్టి జాతి రెండుచోట్ల రాళ్ళలో దొరకినచో ఆ రెండును ఏకకాలమునాటివని యూహింపవచ్చును. రాజమహేంద్రవరము చెంత నల్లని లావారాళ్ళ నడుమ చిక్కిన పొరలలో ఫొరామినిఫెరా యను సముద్రజీవుల గుల్లలు గలవు. రాక్షసబల్లులు నశించిన సంధికాలమున, అనగా సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట, సముద్రము అచ్చటివరకు వచ్చెనని నేడు ఆ గుల్లలే చెప్పుచున్నవి. దక్కను లావారాళ్ళ వయస్సును గూర్చి 1934లోనే సాహ్ని గారు ప్రశ్న లేవదీసి, శిలాజముల తీర్పును కోరిరి.

అయినను సాక్షి యొకప్పుడు మోసగించును. పంజాబులోని ఉప్పుకొండలు, నేడు పాకిస్తానులోనివి, మిక్కిలి ప్రాచీనములని పలువు రనుచుండగా, సాహ్ని గారు ఆ ఉప్పులో కట్టెపీచులను, కీటకముల తునకలను గాంచి, అది సుమారు 5 కోట్ల యేండ్లది మాత్రమే యని వాదించిరి. ఆ వాదము నిలువలేదు. ఆ యుప్పు 50 కోట్ల యేండ్లకు పైబడినదనియు, ఆ తునకలు పిమ్మట చొచ్చినవనియు నేటి శాస్త్రజ్ఞుల నిర్ణయము. ఇది వారి కీర్తికి కళంకమని మేము తలంపము. సూక్ష్మసాక్షిని నమ్ముటకు ముందు అది ఆ రాతితో పుట్టినదో, వెలుపలినుండి దూరినదో శోధింపవలెనను పాఠమును ఆ వివాదమే గట్టిగా నేర్పినది.

1949 ఏప్రిల్ 3వ తేదీన లక్నోలో శిలాజవృక్ష పరిశోధనాలయమునకు నెహ్రూ గారు శంకుస్థాపన చేసిరి. వారము తిరుగకయే, 10వ తేదీన, సాహ్ని గారు పరమపదించిరి. గోడలింకను లేవలేదు. సహధర్మచారిణి సావిత్రి గారు దుఃఖమును దిగమ్రింగి ఆ భారమును వహించిరి. 1953లో నూతనభవనము తెరువబడెను.

ఆ యాలయమునకు చెందిన శాస్త్రజ్ఞులే కర్నూలు సీమకు వచ్చి, అవుకు పలకరాతిలో ఓబ్రుచెవెల్లా యను చుట్టలుచుట్టిన సూక్ష్మశిలాజమును గుర్తించి 2012లో ప్రకటించిరి. తలవెంట్రుకకంటె సన్నని ఆ చుట్ట, ఎముకగాని గుల్లగాని లేని జీవులు మెలగిన సముద్రమునకు సాక్షి. ఆ పొరల వయస్సును గూర్చిన చర్చ యింకను ముగియలేదు.

మన సీమలో దినదినము తెగుచున్న రాయి ప్రతిదియు నొక పుట. దానిని అమ్ముకొనుట తప్పుగాదు. చదువకుండ అమ్ముకొనుటయే నష్టము. పరిశోధకులు వచ్చినపుడు గనుల యజమానులును భూస్వాములును త్రోవచూపి, తమ నేలలో ఏ పొర యెచ్చట తేలినదో చెప్పుదురేని, గోడలు లేవకముందే గతించిన ఆ మహనీయునికి మనము చేయగల శ్రద్ధాంజలి అదియే.