శౌరి అంటే కొత్త ఇల్లు



మన ఆర్మూరు పేరు వెనుక ఒక లెక్క ఉందని పెద్దలు చెబుతారు. ఆరు, మూడు కలిస్తే తొమ్మిది. నవనాథులు తపస్సు చేసిన చోటు కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. ఊరి పేరుకు ఇంత వివరం చెప్పే మనం, ఇంట్లో శౌరి అనో, బాలశౌరి అనో, శౌరయ్య అనో పిలుచుకునే పిల్లవాని పేరుకు అర్థమేమిటని ఎవరైనా అడిగితే తడుముకుంటాము. బడిలో తోటి పిల్లలు అడిగితే వాడూ తడుముకుంటాడు.

నిఘంటువు తిరగేస్తే శౌరి అంటే శూరుని వంశంలో పుట్టినవాడు, శ్రీకృష్ణుడు అని కనబడుతుంది. ఆ మాట వేరు, మన విచారణల్లో వినబడే శౌరి వేరు. ఇది పునీత ఫ్రాన్సిస్ శౌరివారి నుండి వచ్చిన పేరు. నేటి స్పెయిన్ ఉత్తర భాగాన, ఆనాటి నవార్ రాజ్యంలో ఉన్న షవియేర్ కోట ఆయన పుట్టిల్లు. అక్కడి బాస్క్ భాషలో ఎచె అంటే ఇల్లు, బెర్రి అంటే కొత్త. ఎచెబెర్రి నోళ్లలో నలిగి షవియేర్ అయింది. అదే తమిళులకు సవేరియార్, మనకు శౌరి. పసుపు అమ్మిన సొమ్ముతో కొత్త ఇంటికి పునాది తీసుకునే మన ప్రాంతం వారికి ఈ అర్థం విడమరచి చెప్పాలా?

అయితే ఆ ఇంటి సంగతి వినండి. ఫ్రాన్సిస్ 1506 ఏప్రిల్ 7న జన్మించాడు. 1512లో కస్తీలియ సేనలు నవార్‌ను ఆక్రమించాయి. 1515లో తండ్రి కన్నుమూశాడు. మరుసటి ఏడు కోట గోడలను, బురుజులను కూల్చి, కందకాన్ని పూడ్చివేయమని ఆజ్ఞ వచ్చింది. పదేళ్ల పిల్లవాని కళ్ల ముందే కొత్త ఇల్లు పాడుబడింది. 1521లో అతని అన్నలు రాజ్యం తిరిగి దక్కించుకోవడానికి యుద్ధంలో దిగారు. ఆ యుద్ధంలోనే పాంప్లోనా కోట వద్ద అవతలి పక్షాన పోరాడుతూ కాలు విరిగిన సైనికుడు ఎవరో తెలుసా? ఇన్యాసివారే! ఎనిమిదేళ్ల తరువాత పారిస్‌లో ఈ ఇద్దరూ ఒకే గదిలో నివసించారు. శత్రుపక్షపు మనిషితో స్నేహం కుదరడానికి ఫ్రాన్సిస్‌కు చాలా కాలమే పట్టింది.

1525లో చదువుకని ఇల్లు వదలిన ఆయన మళ్లీ ఆ గడపలో కాపురముండలేదు. 1541లో, సరిగ్గా తన పుట్టినరోజున లిస్బన్‌లో ఓడ ఎక్కి, పదమూడు నెలలకు గోవా చేరాడు. ముత్యాల తీరపు పరవరులకు వారి భాషలోనే జపాలు నేర్పాడు. 1545లో మైలాపూరులో పునీత తోమాసువారి సమాధి చెంత కొన్ని నెలలు గడిపాడు. అక్కడి నుండి మలక్కా, మొలుక్కా దీవులు, 1549లో జపాను. ఎక్కడా సొంత ఇల్లు లేదు.

గల్ఫులో కష్టపడుతూ ఇక్కడ ఇల్లు కట్టిస్తున్న తండ్రులున్న కుటుంబాలకు ఉత్తరం విలువ తెలుసు. శౌరివారి కాలంలో యూరపుకు ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి ఏళ్లు పట్టేది. చైనాలో ప్రవేశించాలని ఎదురుచూస్తూ, షాంగ్‌చువాన్ దీవిలో ఒక గుడిసెలో జ్వరపడి, 1552 డిసెంబరు 3న ఆయన మరణించాడు. వయస్సు 46 ఏళ్లు. దగ్గరున్నది అంతోని అనే చైనా యువకుడు. 1553 జూన్‌లో ఇన్యాసివారు ఆయనను యూరపుకు తిరిగి రమ్మని రోము నుండి ఉత్తరం రాశారు. మిత్రుడు చనిపోయి అప్పటికి ఆరు నెలలు దాటింది. ఆ కబురు ఇంకా రోముకు చేరలేదు.

1622 మార్చి 12న ఆ ఇద్దరు మిత్రులనూ ఒకేరోజున పునీతులుగా ప్రకటించారు. శౌరివారి భౌతికకాయం గోవాలోని బోం జేసు దేవాలయంలో ఉంది. డిసెంబరు 3న ఆయన పండుగ వచ్చేసరికి మన చేలల్లో పసుపు ఇంకా నేలలోనే ఉంటుంది. శౌరి అనే పేరున్న పిల్లవానికి అదే నామక పండుగ. ఆ రోజు వాడిని పూజకు తీసుకువెళ్లి, పేరు సంగతి చెప్పండి.

కూల్చిన కోటను 19వ శతాబ్దం చివర మళ్లీ నిలబెట్టారు. ఏటా మార్చి నెలలో, ఇక్కడ మనం పసుపు ఉడికించి, ఆరబెట్టి, బస్తాలకెత్తే రోజుల్లో, నవార్ ప్రజలు కాలినడకన ఆ ఇంటికి యాత్రగా వెళతారు.