తండ్రి రాసిన ఉత్తరాలు

అమెరికా ఆరో అధ్యక్షుడు జాన్‌ క్విన్సీ ఆడమ్స్‌కు ఇల్లే మొదటి బడి, తల్లే మొదటి గురువు. 1767లో మసాచుసెట్స్‌లోని బ్రెయిన్‌ట్రీలో పుట్టాడాయన. తండ్రి జాన్‌ ఆడమ్స్‌ తర్వాతి కాలంలో రెండో అధ్యక్షుడయ్యాడు గానీ, అప్పట్లో స్వాతంత్ర్యోద్యమం పనిమీద ఎక్కువగా ఫిలడెల్ఫియాలోనే ఉండేవాడు. తల్లి పేరు అబిగెయిల్‌ (మన బైబిల్లోని అబీగయీలు పేరే). ఆమె పాస్టరు గారి కూతురు. బడి ముఖం చూడకపోయినా ఇంట్లోని పుస్తకాలన్నీ చదివిన ఇల్లాలు. 1775 జూన్‌ 17న ఏడేళ్ల కొడుకును ఇంటి దగ్గరి గుట్ట మీదికి తీసుకెళ్లి, బోస్టన్‌ వైపు జరుగుతున్న యుద్ధాన్ని చూపించింది. అంతకుముందు ఆ పిల్లవాడి విరిగిన వేలును తీసేయకుండా కాపాడిన డాక్టరు వారెన్‌ ఆ రోజే అక్కడ చనిపోయాడు. ఆ రోజుల్లో ఆమె కొడుకు చేత రోజూ పొద్దున పరలోక ప్రార్థన, దాని తర్వాత దేశం కోసం ప్రాణమిచ్చిన వీరుల మీద ఒక పద్యం చెప్పించేది. ముసలితనంలో కూడా ఆయన దాన్ని మరచిపోలేదు.

1809లో ఆడమ్స్‌ రాయబారిగా రష్యాకు వెళ్లాడు. రెండేళ్ల చిన్నకొడుకు చార్లెస్‌ను వెంట తీసుకెళ్లి, ఎనిమిదేళ్ల జార్జిని, ఆరేళ్ల జాన్‌ను బంధువుల దగ్గర వదిలాడు. సెయింట్‌ పీటర్స్‌బర్గ్‌ నుంచి 1811లో జార్జికి బైబిలు గురించి ఉత్తరాలు మొదలుపెట్టాడు. తాను పొద్దున లేవగానే నాలుగైదు అధ్యాయాల చొప్పున ఏటా బైబిలంతా చదువుతానని చెప్పి, ధర్మశాస్త్రం మొదలు క్రీస్తు బోధల వరకు వివరించాడు. సిద్ధాంతంలో కొన్నిచోట్ల ఆయనతో మనం ఏకీభవించలేము. అయినా పదేళ్ల పిల్లవాడికి అంత ఓపికగా రాసిన తండ్రులు అరుదు.

కానీ జార్జి తల్లిదండ్రులను మళ్లీ చూసింది 1815లో, లండన్‌లో. మన కర్మన్‌ఘాట్‌, ఎల్బీనగర్‌ సంఘాల్లోనూ పిల్లలను అమ్మమ్మ దగ్గర వదిలి గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లినవారున్నారు. ఫోన్లో వాక్యం కంఠతా పెట్టించే తండ్రులున్నారు. వాళ్లు మంచి పనే చేస్తున్నారు. అయితే జార్జి సంగతి కూడా వాళ్లు తెలుసుకోవాలి. జార్జి హార్వర్డ్‌లో చదివి లాయరయ్యాడు. తర్వాత తాగుడు, అప్పులు. తండ్రి అధ్యక్ష పదవి నుంచి దిగిన రెండు నెలలకే, 1829 ఏప్రిల్‌ 30న, అమ్మానాన్నల దగ్గరికి వస్తూ దారిలో ఓడ మీద నుంచి సముద్రంలో పడి చనిపోయాడు. వయసు 28. 1834లో జాన్‌ కూడా పోయాడు.

ఆడమ్స్‌ ఇంట్లో కూర్చోలేదు. మాజీ అధ్యక్షుడై ఉండి 1831లో సాధారణ సభ్యుడిగా ప్రతినిధుల సభలో చేరాడు. బానిసత్వానికి వ్యతిరేకంగా వచ్చే అర్జీలను సభలో చర్చకే రానివ్వకూడదని 1836లో నియమం పెడితే, ఎనిమిదేళ్లు పోరాడి 1844లో దాన్ని రద్దు చేయించాడు. 1841లో 73 ఏళ్ల వయసులో అమిస్టాడ్‌ ఓడలోని ఆఫ్రికన్ల తరఫున సుప్రీంకోర్టులో వాదించి వారి విడుదలకు తోడ్పడ్డాడు. బతికున్న 35 మంది సియెర్రా లియోన్‌కు తిరిగి ప్రయాణమయ్యారు. 1848 ఫిబ్రవరి 21న సభలో తన సీటులోనే కుప్పకూలి, 23న కన్నుమూశాడు.

జార్జికి రాసిన ఆ ఉత్తరాలు ఆయన పోయాక పుస్తకంగా వచ్చాయి. పీటర్స్‌బర్గ్‌లో తండ్రి దగ్గరే కొంతకాలం పెరిగిన చార్లెస్‌ అంతర్యుద్ధ కాలంలో ఇంగ్లండులో అమెరికా రాయబారిగా పనిచేశాడు.