సాగరగర్భ సాహసి – డేవిడ్ వాంక్లిన్

ప్రతిభ తొలి ప్రయత్నంలోనే ప్రకాశించాలన్న నియమం లేదు. వరుస వైఫల్యాలతో పదవినే కోల్పోవలసిన స్థితికి చేరి, ఆ సంవత్సరాంతానికే తన దేశపు అత్యున్నత శౌర్య పురస్కారాన్ని పొందిన బ్రిటిష్ నావికుడు మాల్కం డేవిడ్ వాంక్లిన్.

వాంక్లిన్ 1911 జూన్ 28న కలకత్తాలో ఒక బ్రిటిష్ కుటుంబంలో జన్మించాడు. ఇంగ్లండులో డార్ట్‌మత్ నౌకాదళ కళాశాలలో విద్యనభ్యసించి, 1933లో జలాంతర్గాముల శాఖలో చేరాడు. అతడు మితభాషి. చేపలు పట్టడమంటే అతనికి మక్కువ. ఆ వ్యాపకానికి అవసరమైన ఓర్పు, ఏకాగ్రత అతని వృత్తిలోనూ తోడు నిలిచాయి.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1940లో, అప్‌హోల్డర్ అనే జలాంతర్గామికి అతడు అధిపతి అయ్యాడు. బారో పట్టణంలో నిర్మితమైన ఆ నౌక పొడవు సుమారు 58 మీటర్లు. సిబ్బంది ముప్పది మందికి పైగా ఉండేవారు. ఆ తరగతి నౌకలను మొదట శిక్షణ కోసమే తలపెట్టారు. వాటిలో డీజిల్ యంత్రాలు విద్యుత్తును ఉత్పత్తి చేసేవి. ఆ విద్యుత్తుతో మోటార్లు నౌకను నడిపేవి. నీట మునిగినప్పుడు డీజిల్ యంత్రాలకు గాలి అందదు కనుక బ్యాటరీలే ఆధారం. అవి తరిగిపోగానే నౌక రాత్రివేళ పైకి తేలి, వాటిని తిరిగి నింపుకోవలసి వచ్చేది. ఇంతటి పరిమితులున్న చిన్న నౌకతో వాంక్లిన్ 1941 జనవరిలో మధ్యధరా సముద్రంలోని మాల్టా ద్వీపానికి చేరాడు. ఇటలీ నుండి ఉత్తర ఆఫ్రికాకు సైన్యాన్ని, సామగ్రిని చేరవేసే ఓడలను అడ్డగించడం అతని కర్తవ్యం.

తొలి యాత్రలో కొంత ఫలితం కనిపించినా, తరువాతి యాత్రలు నిష్ఫలమయ్యాయి. విలువైన టార్పెడోలు వృథా కావడంతో, అతనిని తొలగించాలా అని పై అధికారి ఆలోచించవలసి వచ్చింది. వాంక్లిన్ కుంగిపోలేదు. తన లోపాలను సరిదిద్దుకున్నాడు. 1941 మే 24 సాయంసంధ్యవేళ సిసిలీ తీరాన, శత్రునౌకల అలికిడిని పసిగట్టే పరికరం చెడిపోయి ఉన్నా, రక్షక నౌకల నడుమ సాగుతున్న కాంటే రోస్సో అనే ఓడను ముంచాడు. ప్రతిగా శత్రువులు 37 బాంబులను నీటిలో పేల్చినా, చాకచక్యంతో తన నౌకను కాపాడుకున్నాడు. సెప్టెంబరు 18న దిక్సూచి యంత్రం మొరాయించినా, నెప్ట్యూనియా, ఓషియానియా అనే రెండు పెద్ద ఓడలను ముంచాడు. ఆ డిసెంబరులో విక్టోరియా క్రాస్ అతనిని వరించింది.

అయితే ఈ విజయాలకు మరొక ముఖం ఉంది. ఒక్క కాంటే రోస్సోతోనే సుమారు 1,300 మంది జలసమాధి అయ్యారు. వారికోసం కూడా ఇళ్లలో ఎదురుచూసినవారు ఉన్నారు.

1942 ఏప్రిల్‌లో అప్‌హోల్డర్ తన 25వ యాత్రకు బయలుదేరింది. అది ముగియగానే ఇంగ్లండుకు మరలవలసి ఉంది. కాని నౌక తిరిగి రాలేదు. ఏప్రిల్ 14 ప్రాంతంలో సిబ్బంది యావన్మందితో సముద్రంలో అంతర్ధానమైంది. అప్పటికి వాంక్లిన్ వయస్సు ముప్పది సంవత్సరాలు.

సాధనాల కొరత, తొలి ఓటములు కార్యదీక్షను ఆపలేవని అతని జీవితం నిరూపిస్తుంది. యుద్ధంలో గెలిచినవానినీ ఓడినవానినీ సాగరం ఒకే విధంగా తనలో కలుపుకుంటుందని అతని మరణం గుర్తుచేస్తుంది.