కన్నుమూశాక కూడా గెలిచిన ఆళ్లగడ్డ ఆడపడుచు.. శోభా నాగిరెడ్డి

మాజీ మంత్రి ఎస్వీ సుబ్బారెడ్డి కూతురు, భూమా నాగిరెడ్డి భార్య, ముగ్గురు పిల్లల తల్లి. భర్త నంద్యాల ఎంపీ కావడంతో 1997 ఉప ఎన్నికలో ఆళ్లగడ్డ నుంచి తొలిసారి అసెంబ్లీకి వెళ్లారు. 1999, 2009, 2012లోనూ గెలిచారు.

2014 ఏప్రిల్ 23 రాత్రి నంద్యాలలో ప్రచారం ముగించుకుని ఇంటికి వస్తుంటే, రోడ్డుపై ఆరబోసిన ధాన్యాన్ని తప్పించబోయి కారు పల్టీ కొట్టింది. మర్నాడు హైదరాబాద్‌లో కన్నుమూశారు. వయసు 45 ఏళ్లే.

వైసీపీకి అప్పటికి గుర్తింపు పొందిన పార్టీ హోదా లేదు. దాంతో పోలింగ్ వాయిదా పడలేదు, బ్యాలెట్‌లో ఆమె పేరు అలాగే ఉంది. మే 7న ఆళ్లగడ్డ జనం బతికున్న అభ్యర్థులను పక్కనపెట్టి, లేని మనిషికే ఓటేసి గెలిపించారు. ఖాళీ అయిన ఆ సీటుకు కూతురు అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 2017లో నాగిరెడ్డి కూడా పోయారు. అదే ఏడాది ఆ కూతురు మంత్రి అయింది.. చూసి మురిసిపోవడానికి అమ్మా లేదు, నాన్నా లేడు.